అంచె తప్పిన జాబు

ఈ నెల మామూలుగా వ్రాసే ఇంటి సంగతులు, వంటింటి సంగతులు ప్రక్కకు పెట్టి, ఒక జాబు కథ చెప్పుకోవలసి వచ్చినది. కథ అంటున్నాము గాని ఇది జరిగిన విషయమే. అందులో తప్పు మా వంతు కూడా ఉన్నది గనుక దాచుకొనుటకు వీలు లేదు. "సంఘానికి ఈమెయిలు పంపితే ఉలుకూ పలుకూ ఉండదేమండీ" అని పాఠకులలో పలువురు పెళ్ళిళ్ళలోను, పేరంటాలలోను మమ్మల్ని నిలదీస్తూనే ఉన్నారు. "వస్తుంది లెండి, కాస్త ఆలస్యం" అని మేము నవ్వి తప్పించుకొంటూనే ఉన్నాము. ఆ నవ్వుకు మూల్యం వేరొకరు చెల్లించారు.

గత సంవత్సరం విద్యార్థి వేతనాల జాబితా వెలువడిన పది రోజులకు, ఒక ఉదయం తమకలో మా ఇంటి ముందర ఒక తల్లి వచ్చి నిలబడినది. శ్రీనివాసపురం వైపు పల్లె. తెల్లవారుజామున బయలుదేరి, కోలారులో బస్సు మారి, పెద్ద రోడ్డు మీద దిగి నడిచి వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు. మజ్జిగ ఇస్తే చేతిలో పట్టుకొని త్రాగలేదు.

"ఏమి సార్, మా బిడ్డ అర్జీ పంపిచ్చింది. గడువుకు రెండు దినాలు ముందే పంపిచ్చింది. లిస్టులో పేరే లేదు. మార్కులు తక్కువొచ్చినాయా అంటే అదీ లేదు. ఏల సార్?"

అర్జీ అందలేదమ్మా అన్నాము.

"అందకేమి? ఈడ చూడండి" అని చీర కొంగులోనుండి ఒక కాగితం మడత తీసి మా చేతిలో పెట్టినది. పల్లెకు దగ్గరలో అర్జీలు, జిరాక్సులు చేసిపెట్టే అంగడి ఒకటి ఉన్నదట. ఆ అంగడి అబ్బాయి తన కంప్యూటరులోనుంచే, తన అంగడి పేరిట ఉన్న చిరునామా నుంచే అర్జీ పంపి, పంపినట్టు ఒక ప్రతి అచ్చు తీసి ఇచ్చాడు. తేదీ స్పష్టంగా ఉన్నది. సంఘం చిరునామా అక్షరం పొల్లు పోకుండా ఉన్నది.

మేము లోపలికి వెళ్ళి కార్యదర్శి గారికి ఫోను చేశాము. ఆయన పెట్టె అంతా వెదికారు, చెత్తబుట్ట కూడా గాలించారు. లేదు. మరి మేము చేసిన పని ఏమిటంటే, బయటికి వచ్చి, "పంపినట్టు కాగితం ఉన్నంత మాత్రాన మాకు అందినట్టు కాదు గదమ్మా, నియమం నియమమే" అన్నాము. ఆమె ఏమీ అనలేదు. మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టి, చెవులు తడుముకొన్నది. కమ్మలు లేవు. కళాశాల ఫీజుకు గడువు దాటుతుందని అవి బంగారు అంగడిలో తాకట్టులో ఉన్నవట. ఆ మాట కూడా ఆమె చెప్పలేదు. వెంట వచ్చిన ముసలామె చెప్పినది.

ఆ సాయంత్రం మా సభ్యులొకరి అబ్బాయి వేరే పని మీద వచ్చాడు. బెంగుళూరులో ఒక కంపెనీలో ఈ ఈమెయిలు సర్వర్లనే చూచుకొనే ఉద్యోగం. మారికుప్పం రైలులో రోజూ పోయి వచ్చే కోలారు గనుల పిల్లలలో ఒకడు. విషయం విని, "మామా, పంపడం వేరే, అందడం వేరే. మధ్యలో ఎవరెవరి చేతులు మారిందో చూడాల. ఆ చేతులు మారినప్పుడల్లా ఒక ముద్ర పడుంటుంది" అన్నాడు. రెండు గంటలు కూర్చొని, సంఘం పేరు మీద మేము అద్దెకు తీసుకొన్న సర్వరులోని చిట్టా తెరిచి, జాబు ఏ అంచెలో తప్పిపోయిందో పట్టుకొన్నాడు. అతడు చెప్పినది మాకు అర్థమైనంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాము. పాఠకులలో చాలా మంది ఇండ్లలో ఇప్పుడు ఉద్యోగ దరఖాస్తు, పెళ్ళి సంబంధం, బ్యాంకి లెక్క అన్నీ ఈ దారినే నడుస్తున్నవి గదా.

అంచె అనే మాట మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఇప్పటికీ కన్నడంలో పోస్టాఫీసును అంచె కచేరి అంటారు. మైసూరు సీమలో 17వ శతాబ్దంలో చిక్కదేవరాజ ఒడెయరు కాలాన ఏర్పడిన అంచె, 1889లో బ్రిటిషు తపాలాలో కలిసిపోయే వరకు నడిచింది. ఒకడు సంచి మోసుకొని ఒక మజిలీ వరకు పరుగెత్తుతాడు. అక్కడ మరొకడు అందుకొంటాడు. అందుకొన్న క్షణం నుంచి సంచికి పూచీ రెండవవాడిది. మొదటివాడు వెనుదిరిగి నిశ్చింతగా పోవచ్చు. ఈమెయిలు నడిచేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. వ్రాసినవాడి యంత్రం నుంచి చదివేవాడి యంత్రానికి తీగ లాగినట్టు ఒకేసారి పోతుందని మేము ఇన్నాళ్ళు అనుకొంటున్నాము. అది పొరబాటు.

అంగడి అబ్బాయి మీట నొక్కగానే జాబు అతని సర్వరుకు చేరుతుంది. ఆ సర్వరు, "ఈ సంఘం పేరు మీద వచ్చే జాబులు ఎవరు పుచ్చుకొంటారు?" అని ఇంటర్నెట్టులోని పేర్ల పట్టికను అడుగుతుంది. అందుకోసమే ఎం.ఎక్స్. అనే పద్దు ఒకటి 1986 నుంచి ఉన్నది. ఇద్దరు ముగ్గురు పుచ్చుకొనేవారుంటే వరుస సంఖ్య వేసి ఉంటుంది; చిన్న సంఖ్య గలవారిని ముందు అడగాలి. జవాబు దొరికిన పిమ్మట ఆ సర్వరు తలుపు తడుతుంది. తలుపుకు కూడా సంఖ్య ఉన్నది, 25.

ఆ తలుపు దగ్గర జరిగే సంభాషణ విని మాకు నవ్వు వచ్చినది, అంత మర్యాదగా ఉన్నది. వచ్చినవాడు "హలో, నేను ఫలానా" అంటాడు. లోపలివాడు "సరే" అంటాడు. "ఫలానావారి నుంచి జాబు తెచ్చాను." "సరే." "ఫలానావారికి." "సరే." "ఇదిగో జాబు." మొత్తం పుచ్చుకొన్న తరువాత లోపలివాడు 250 అనే అంకె చెబుతాడు. పుచ్చుకొన్నాను, ఇక పూచీ నాది, అని దాని అర్థం. ఈ సంభాషణకు నియమాలు 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసిపెట్టాడు. తరువాత ఎన్నో సవరణలు జరిగినా, అస్థిపంజరం అదే.

లోపలివాడు ఎల్లప్పుడూ 250 చెప్పడు. 4తో మొదలయ్యే అంకె చెబితే "ఇప్పుడు కుదరదు, మళ్ళీ రండి" అని. 5తో మొదలయ్యే అంకె చెబితే "ఎప్పటికీ కుదరదు, తీసుకుపొండి" అని. మళ్ళీ రమ్మన్నప్పుడు తెచ్చిన సర్వరు జాబును పారవేయదు. వరుసలో పెట్టుకొని, కొంతసేపటికి మళ్ళీ వెళ్ళి తడుతుంది, మళ్ళీ తడుతుంది. నాలుగైదు రోజుల వరకు ప్రయత్నించవలెనని నియమం. అప్పటికీ తలుపు తెరవకపోతే, వ్రాసినవారికి "మీ జాబు చేర్చలేకపోయాను" అని తిరుగు జాబు వేస్తుంది. ఈ తిరుగు జాబుకు పంపినవారి చిరునామా ఖాళీగా పెడతారు. ఎందుకనగా, అదీ చేరకపోతే దానికొక తిరుగు జాబు, దానికి మరొకటి, ఇలా రెండు యంత్రాలు ప్రళయం దాకా ఒకదానికొకటి క్షమాపణలు చెప్పుకొంటూ కూర్చోగలవు.

ఇక్కడ ఇంకొక విశేషం. కవరు మీద చిరునామా వేరు, లోపల కాగితం మీద వ్రాసిన పేర్లు వేరు. మనం తెర మీద చూచే "నుంచి", "కి" అనేవి లోపలి కాగితం మీదివి. సర్వర్లు జాబు చేర్చేది కవరు మీది చిరునామా చూచి. తిరుగు జాబు పోవలసింది కూడా కవరు వెనుక వ్రాసిన చిరునామాకే. మనం కవరును ఎన్నడూ చూడము. జాబు చేరగానే యంత్రం కవరు చింపి పారవేస్తుంది. దాని వెనుక చిరునామాను మాత్రం జాబు తలకట్టులో ఒక మూల వ్రాసిపెడుతుంది. ఈ తేడా పాఠకులు గుర్తుంచుకోవలెను, మన కథ మలుపు తిరిగేది ఇక్కడనే.

సంఘం చిరునామాకు నిజానికి పెట్టె లేదు! అది వట్టి పేరు. ఎవరు కార్యదర్శి అయితే వారి సొంత పెట్టెకు జాబులు మళ్ళించమని సర్వరుకు చెప్పి పెట్టాము. కార్యదర్శి మారినప్పుడు మళ్ళింపు మార్చుకొంటే సరిపోతుంది. అచ్చు వేయించిన కవర్లు, రసీదు పుస్తకాలు మార్చనక్కరలేదు. ఈ ఉపాయం మేము కనిపెట్టింది కాదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ అనే ఆయన 1980 ప్రాంతాల్లో సెండ్‌మెయిల్ అనే సాధనం కట్టినప్పటి నుంచి మారుపేర్ల పట్టిక అని ఒకటి ఉన్నది. ఒక్క పంక్తి వ్రాస్తే చాలు, ఈ పేరుకు వచ్చినవి ఆ పేరుకు. ప్రతి మనిషి తన గూటిలో ఒక చిన్న కాగితం పెట్టుకొని తన జాబులను తానే మళ్ళించుకోవచ్చు కూడా. తరువాత 1998లో వీట్సె వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌లో ఇదే పని మరింత జాగ్రత్తగా పంచారు. సెండ్‌మెయిల్‌లో ఒకే పెద్ద యజమాని అన్నీ చేసేవాడు. పోస్ట్‌ఫిక్స్‌లో పుచ్చుకొనేవాడొకడు, శుభ్రం చేసేవాడొకడు, వరుస చూచేవాడొకడు, బయటికి మోసేవాడొకడు, తిరుగు జాబు వ్రాసేవాడొకడు. ఒకడు తప్పు చేసినా ఇల్లంతా కూలదు. మన సంఘంలోనూ ఇట్లా ఉంటే బాగుండునని ఆ అబ్బాయి అన్నాడు. మేము వినిపించుకోనట్టు ఊరుకొన్నాము.

మళ్ళింపు మన పోస్టుకు క్రొత్త కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత రాబర్టుసన్‌పేటలో, చాంపియన్ రీఫ్‌లో, ఊరిగాంలో ఎన్ని ఇండ్లకు ఎన్ని జాబులు మళ్ళవలసి వచ్చినదో ఆ కాలం చూచినవారికి తెలుసు. పొరుగింటి వాళ్ళు పాత చిరునామా కొట్టివేసి, "ఇప్పుడు బెంగుళూరు" అని ప్రక్కన వ్రాసి మళ్ళీ డబ్బాలో వేసేవారు. పోస్టుమాను కొందరికి ముఖం చూచే చెప్పేవాడు, "వాళ్ళు కుప్పం పోయినారు సార్, అన్న ఇంటికి" అని. పోస్టెల్ నియమాలలో సరిగ్గా ఈ రెండు మాటలకూ అంకెలు ఉండడం చూచి మేము ఆశ్చర్యపోయాము. 251 అంటే "ఆయన ఇక్కడ లేడు, నేనే పంపిస్తాను" అని. 551 అంటే "ఆయన ఇక్కడ లేడు, ఇదిగో క్రొత్త చిరునామా, నువ్వే పోయి చూచుకో" అని. రెండవది ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరట. అడిగిన ప్రతివాడికీ క్రొత్త చిరునామా చెప్పివేస్తే దొంగలకు అదే పంట.

దొంగల మాట వచ్చింది గనుక చెప్పాలి, చిక్కంతా వాళ్ళ వల్లనే. మొదటి రోజులలో సర్వర్లు ఎవరి జాబునైనా ఎవరికైనా అంచె మోసిపెట్టేవి. అడిగితే కాదనడం మర్యాద కాదనుకొన్న కాలం. ఆ మంచితనం పట్టుకొని పనికిమాలిన ప్రకటనలవాళ్ళు లక్షల జాబులు ఇతరుల నెత్తిన వేశారు. 1990ల నుంచి ఒక్కొక్కరే తలుపులు మూసుకొన్నారు. తరువాత ఇంకొక మోసం. కవరు వెనుక నా పేరు వ్రాసి నీవు జాబు వేయవచ్చు, అడిగేవాడు లేడు. బ్యాంకు పేరు పెట్టుకొని వచ్చే దొంగ జాబులు అలా పుట్టినవే.

దానికి మూడు కాపలాలు పెట్టారు. మొదటిది ఎస్.పి.ఎఫ్. పేర్ల పట్టికలో ప్రతి సంస్థ, "మా పేరిట జాబులు మోసే సర్వర్లు ఫలానా ఫలానా, తక్కినవి మావి కావు" అని ప్రకటించి ఉంచుతుంది. పుచ్చుకొనేవాడు కవరు వెనుక పేరు చూచి, తెచ్చినవాడు ఆ జాబితాలో ఉన్నాడా అని సరి చూచుకొంటాడు. రెండవది డి.కె.ఐ.ఎం. అది కవరుకు గాక లోపలి కాగితానికి వేసే లక్క ముద్ర వంటిది. ఎవరు మోసుకొచ్చినా సరే, లోపల అక్షరం మారకపోతే ముద్ర చెడదు. మూడవది డిమార్క్. పై రెండింటిలో కనీసం ఒక్కటైనా లోపలి కాగితం మీది పేరుతో సరిపోవలె, లేకపోతే ఏమి చేయాలో ఆ పేరు గలవారే ముందుగా చెప్పి ఉంచుతారు: ఊరుకో, ప్రక్కన పెట్టు, తిప్పి పంపు. 2014 ఏప్రిల్‌లో యాహూ వారు "తిప్పి పంపు" అని ఆజ్ఞ వేసినప్పుడు, సభ్యులందరికీ ఒకే జాబు పంచే సంఘాల పద్ధతి ప్రపంచమంతా ఒక్కసారిగా చెల్లాచెదరైనదట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పెద్ద ఎత్తున జాబులు పంపేవారికి ఈ మూడు కాపలాలనూ తప్పనిసరి చేశాయి.

ఇప్పుడు మా అర్జీ సంగతి.

అంగడి అబ్బాయి సర్వరు జాబు తెచ్చి మా సర్వరు తలుపు తట్టింది. మా సర్వరు అతని జాబితా చూచింది, సరిపోయింది. 250 అన్నది. చిట్టాలో ఆ పంక్తి మేము కళ్ళారా చూచాము. గడువుకు రెండు రోజుల ముందు, సాయంత్రం 4 గంటల 17 నిమిషాలు. అదే నిమిషంలో మా సర్వరు ఆ జాబును ఉన్నది ఉన్నట్టు కార్యదర్శి గారి పెట్టె ఉన్న పెద్ద కంపెనీకి మోసుకుపోయింది. ఉన్నది ఉన్నట్టు అంటే కవరు వెనుక అంగడి పేరు అలాగే ఉంచి. ఆ కంపెనీవాడు చూచాడు: కవరు వెనుక ఉన్నది అంగడి పేరు, మోసుకొచ్చినది మా సర్వరు. అంగడివాడి జాబితాలో మా సర్వరు పేరు ఎందుకుంటుంది? ఉండదు. పోనీ లోపల లక్క ముద్ర ఉన్నదా అంటే అంగడి అబ్బాయి దానిని వేయించుకోలేదు. పైగా తన పేరుతో దొంగలు వ్రాయకుండా "తిప్పి పంపు" అని ఎవరో చెబితే పెట్టించుకొన్నాడు. కంపెనీవాడు 550 అన్నాడు. అంటే తీసుకుపొమ్మని. వాడి తప్పు వెదికితే కనిపించదు, దొంగను పట్టుకొన్నాననే అనుకొన్నాడు.

మరి తిరుగు జాబు ఏమైనది? నియమం ప్రకారం మా సర్వరు అది వ్రాసింది. కవరు వెనుక చిరునామాకు పంపింది. అనగా అంగడికి. అంగడి అబ్బాయి పెట్టెలో ఆ సాయంత్రమే ఇంగ్లీషులో ఒక పొడుగాటి కాగితం పడినది. దానిలో అతడు ఎన్నడూ వినని మా కార్యదర్శి గారి సొంత చిరునామా, దాని క్రింద అంకెలు. రోజుకు యాభై అర్జీలు పంపేవాడు, ఇదేదో ప్రకటన కాబోలు అని తుడిచివేశాడు. అతణ్ణి మేము తప్పు పట్టలేము. ఆ కాగితం మా చేతికే వచ్చినా మేము అదే పని చేసి ఉందుము.

"మరి ఇన్నాళ్ళూ మిగతావారి జాబులు వస్తూనే ఉన్నవి గదా?" అని అడిగాము. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబే మమ్మల్ని ఎక్కువ బాధించినది. పేరున్న పెద్ద కంపెనీల పెట్టెల నుంచి వ్రాసేవారికి లక్క ముద్ర ఆ కంపెనీవారే వేస్తారు. మా సర్వరు మళ్ళించినా ముద్ర చెడదు గనుక ఆ జాబులు చేరుతూ వచ్చినవి. చేరనివి చిన్న అంగడి నుంచి, చిన్న పల్లె బడి నుంచి, ఎవరో కట్టిపెట్టిన చిన్న సర్వరు నుంచి వచ్చినవి. చిట్టా వెనక్కు తిప్పితే రెండు నెలలలో అటువంటివి పదకొండు కనిపించినవి. ఒకటి మాలూరు నుంచి వచ్చిన వధూవరుల ప్రకటన. ఒకటి పత్రికకు పంపిన కథ. తక్కినవి ఏమిటో, లోపలి కాగితం మా దగ్గర లేదు గనుక, తెలియదు.

మళ్ళించే సర్వర్లకు దీనికి ఉపాయం లేకపోలేదు. కవరు వెనుక పాత పేరు కొట్టివేసి, తన పేరు వ్రాసుకొని, పాత పేరును అందులోనే సంకేతంగా ఇమిడ్చి పంపే పద్ధతి ఒకటి ఉన్నది, ఎస్.ఆర్.ఎస్. అంటారు. తిరుగు జాబు వస్తే ముందు మన దగ్గరకు వస్తుంది, మనము అసలువాడికి పంపవచ్చు. ఐతే అది మొదటి కాపలాను మాత్రమే శాంతింపజేస్తుంది. లోపలి కాగితం మీద అంగడి పేరు, కవరు వెనుక మా పేరు ఉంటే మూడవ కాపలావాడు మళ్ళీ అడ్డుకుంటాడు. లక్క ముద్ర లేని జాబుకు అది చాలదు. "నేను పుచ్చుకొన్నప్పుడు ముద్రలన్నీ సరిగానే ఉన్నవి" అని మోసినవాడు హామీ కాగితం జోడించే పద్ధతి ఒకటి, ఆర్క్ అని, 2019లో వచ్చినది. దానిని అవతలివాడు నమ్మితేనే పని జరుగుతుంది. మన వంటి చిన్న సంఘం హామీని ఎవడు నమ్ముతాడు? అందుకే ఆ అబ్బాయి తేల్చి చెప్పాడు, "మామా, మళ్ళింపు పీకేయండి. సంఘానికి సొంత పెట్టె పెట్టండి. చదివేవాళ్ళే ఆ పెట్టె దగ్గరికి పోవాల."

ఇంతకు మునుపే ఒకసారి మళ్ళింపు మమ్మల్ని నవ్వులపాలు చేసినది, అప్పుడే బుద్ధి రావలసింది. అప్పటి కార్యదర్శి గారు అమెరికాలో కూతురి పురిటికి వెళుతూ తన జాబులు కోశాధికారి గారికి మళ్ళించి వెళ్ళారు. కోశాధికారి గారు అంతకు ముందే, లెక్కలన్నీ ఒకచోట ఉండాలని తన జాబులు సంఘం చిరునామాకు మళ్ళించి ఉన్నారు. సంఘం జాబులు కార్యదర్శికి. ఒక చందా జాబు ముగ్గురి చుట్టూ గానుగెద్దులా తిరిగింది. ప్రతి సర్వరు తలకట్టున ఒక ముద్ర వేస్తూ పోతుంది గనుక, ముద్రలు లెక్క మించగానే ఒకటి ఆగి తిరుగు జాబు వేసింది. లేకపోతే ఈ పాటికీ తిరుగుతూనే ఉండేది. కొన్ని సర్వర్లు మరింత తెలివిగా, జాబు మీద తమ పేరే ముందుగా కనిపిస్తే "ఇది నా చేతి మీదుగా ఒకసారి పోయిందే" అని అక్కడే నిలుపుతాయట. ఆ చందా ఇచ్చినాయన మూడు నెలలు మాతో మాట్లాడలేదు.

మరునాటి కమిటీ సమావేశంలో ఈ అర్జీ మీద వాదం జరిగినది. గడువులోగా కార్యదర్శికి అందని అర్జీ అందనట్టే, ఒకరికి సడలిస్తే రేపు పదిమంది వస్తారు, అన్నారు కొందరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. నిధి చిన్నది, అడిగేవారు ఎక్కువ. మేము ఆ చిట్టా కాగితం బల్ల మీద పెట్టాము. 250 అన్నది ఎవరు? మన సర్వరు. పూచీ నాది అన్నది ఎవరు? మనమే. పోస్టుమాను వచ్చి సంఘం గుమస్తా చేత సంతకం చేయించుకొని జాబు ఇచ్చి పోయిన తరువాత, గుమస్తా దానిని కార్యదర్శి ఇంటికి తీసుకుపోతూ దారిలో పోగొట్టుకొంటే, వ్రాసినవారికి అందలేదని చెప్పగలమా? గంటన్నర సేపు మాటలు నడిచిన మీదట, అర్జీ గడువులోపల అందినట్టే నమోదు చేశారు. నిధిలో ఆ సంవత్సరపు పైకం అప్పటికే పంచివేశారు గనుక, కమిటీవారు తలా కొంత వేసుకొని ఆ బిడ్డ రెండవ విడత ఫీజు కట్టారు. మొదటి విడత ఆ తల్లి కట్టివేసినది. కమ్మలు విడిపించుకొనే సరికి అయిన వడ్డీ ఎంతో మేము అడిగాము, ఆమె చెప్పలేదు. "పోనీలేండి సార్" అన్నది. తక్కిన పదిమందిలో ఏడుగురి చిరునామాలు చిట్టాలో దొరికినవి. వారికి క్షమాపణ జాబులు వ్రాశాము. ఐదుగురు జవాబు ఇచ్చారు. కథ పంపిన ఆమె, ఆ కథ వేరే పత్రికలో వచ్చిందని, మీ పెట్టెకు మంచిదే జరిగిందని చమత్కరించారు.

కాబట్టి పాఠకులకు మనవి. సంఘం చిరునామా మారలేదు, దాని వెనుక ఏర్పాటు మారినది. ఇప్పుడు దానికి సొంత పెట్టె ఉన్నది. నలుగురం వంతుల వారీగా రోజూ తెరిచి చూస్తున్నాము, ఎవరి వంతు ఏ రోజో కాగితం గోడకు అంటించాము. అందిన ప్రతి జాబుకు మనిషి చేతితో రెండు ముక్కలు జవాబు వ్రాస్తాము. యంత్రమే జవాబు ఇచ్చే ఏర్పాటు పెట్టవచ్చునని కొందరు సూచించారు గాని, అవతల కూడా యంత్రమే ఉంటే రెండూ గానుగ మొదలు పెడతాయని భయపడి మానుకొన్నాము. మూడు రోజులలో జవాబు రాకపోతే అందలేదని అనుకొని ఫోను చేయండి, లేదా ఆదివారం ఉదయం తమకకు రండి. అర్జీలు అంగడి నుంచి పంపించేవారు, ఇంగ్లీషులో ఏ తిరుగు జాబు వచ్చినా తుడిచివేయవద్దని, అచ్చు తీసి మీకు ఇమ్మని అంగడివారితో చెప్పండి. దానిలో 5తో మొదలయ్యే మూడంకెల సంఖ్య ఉన్నదేమో చూచుకొంటే చాలు, తక్కినది మేము చదువుకొంటాము.

పోయిన వారం ఆ అంగడి అబ్బాయికే ఫోను చేసి, ఒక జాబు వేసి చూడవయ్యా అన్నాము. లక్క ముద్ర ఇంకా వేయించుకోలేదట. అయినా మధ్యలో మళ్ళింపు లేదు గనుక సరాసరి వచ్చి పడినది. "టెస్టు" అని ఒక్క మాట వ్రాశాడు. అందినదని జవాబు వ్రాశాము. మరో పది నిమిషాలకు అతని దగ్గర నుంచి ఇంకొకటి వచ్చినది: ఈ సంవత్సరం అర్జీలు ఎప్పటి నుంచి తీసుకొంటారని, పల్లెలో నలుగురు పిల్లలు అడుగుతున్నారని.